ఇంటిది ఇంటికే

సన్యాసిరావు గడప దాటకముందే అతని మెడలో వేలాడుతున్న తూనికకన్ను ఇంటినంతా ఒకసారి చూసేసి, "తరుగు ఉంది" అని చెప్పేసింది. పొద్దుటినుంచి అది అంటున్న మాట అదొక్కటే. ఎండ నెత్తిమీదికొచ్చింది, వీధి ఇంకా సగం మిగిలే ఉంది. లోపల్నుంచి వచ్చినావిడ మొహం చూడగానే, ఇక్కడా తాను వినబోయేది అబద్ధమేనని అతనికి తెలిసిపోయింది. తరుగు పరిశీలకుడి ఉద్యోగంలో చేరాక అతను నిజం విన్న రోజులు తక్కువ.

"కూకోండి బాబూ. మజ్జిగ తెమ్మంటారా?" అంది తవిటమ్మ.

"వద్దమ్మా. తిరగలి చూడాలి."

తిరగలి వంటింటి మూల బీరువా అంత ఎత్తున నిలబడి మెల్లగా గురకపెడుతోంది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండేదే. విరిగిన బకెట్టు, తెగిన చెప్పు, కంచంలో మిగిలిన మెతుకులు, స్నానాల గది నీళ్లలో కొట్టుకొచ్చే మట్టి, ఏది అందులోకి పోయినా పిండైపోయి రజనుగా మారుతుంది. ఆ రజనునే మళ్లీ సబ్బుగానో, గుడ్డగానో, గిన్నెగానో పోతపోసి బయటికి ఇస్తుంది. ఒకప్పుడు పొద్దున్నే చెత్తబండి వచ్చేదని చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు.

మొదట్లో ఊరందరి రజనునూ ఒకచోట కలిపి పంచారు. ఎవరి పాతచెప్పు తమ కంచమైందోనని జనం ఆ కంచాల్లో అన్నం తినలేదు. అధికారులు ఎన్ని రకాలుగా నచ్చజెప్పినా ముద్ద దిగలేదు. చివరికి ఇంజనీర్లే దిగొచ్చి, ప్రతి ఇంటి రజనులోనూ ఆ ఇంటిగుర్తు రేణువులు కలిపారు. ఏ ఇంటి రజను ఆ ఇంటి తిరగలిలోనే తిరగాలి. ఇంటిది ఇంటికే అన్నది నినాదమైంది. బయటికి ఏదైనా పోతే తూకంలో తెలిసిపోతుంది. పక్కింటి పిల్లకి ఓ గౌను ఇచ్చినా తరుగే. అన్నం కూరలు తప్ప ఇచ్చిపుచ్చుకోవడమన్నది ఊళ్లో లేకుండా పోయింది.

తూనికకన్ను తిరగలిని ఓసారి చూసి, "పెద్ద వస్తువు. పరుపు" అంది.

"పరుపేదమ్మా?"

"ఆయన్తోపాటు కాటికంపీసినాం బాబూ."

"కాటికెళ్లిన పరుపు ఇంటికే తిరిగొస్తుంది కదమ్మా. కాటి కాపరికీ అదే రూలు."

తవిటమ్మ భర్త గురువులు పోయి ఇంకా నెల కాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో ఏడాదిపాటు ఆ పరుపుమీదే ఉన్నాడు. కొడుకు ఓడమీద పనికి వెళ్లి, తండ్రి పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. ఇంట్లో మిగిలింది ఆమే, నెలలు నిండిన కోడలు ఝాన్సీ. ఆ కోడలే ఇప్పుడు నడుంమీద చెయ్యి వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"దాపరికం ఎందుకత్తా? ఆ తిరగలి ఏటి అడుగుతున్నాదో ఆయన్నే సదవమను" అంది.

తిరగలి మొహంమీద పచ్చటి అక్షరాలు వెలుగుతున్నాయి. 'ఊయల బొంతకు రజను చాలలేదు. ఇంట్లోని పాత పరుపును వేయగలరు.'

కానుపు తేదీ ఆసుపత్రివాళ్లు దానికి ముందే పంపారు. పుట్టబోయే బిడ్డకు ఏమేం కావాలో లెక్కవేసుకుని, వాడకంలో లేని వస్తువు ఏదా అని వెతికింది. లెక్కలో పరుపు కనబడింది. దాని తప్పు ఏమీ లేదు, పాపం. రోజూ మర్యాదగానే అడుగుతోంది.

"ఆయన రగతం కక్కుకున్న పరుపు బాబూ అది" అంది తవిటమ్మ. "పేనం పోయింది దాని మీదే. నా మనవలు దాని మీద తొంగోవాలా?"

"పిండయ్యాక అది పరుపు కాదమ్మా. ఉత్త రజను. అందులో క్రిమి అన్నది మిగలదు" అన్నాడు సన్యాసిరావు. ఈ మాట ఎన్ని గుమ్మాల్లో చెప్పాడో అతనికే గుర్తులేదు. చెప్పేటప్పుడు తన గొంతు తనకే వినబుద్ధికాదు.

"అంత సదువు నాకు లేదు గానీ, నీకూ ఇంట్లో ఎవలో ఒకలు పోయే ఉంటారు కదా. నీకు తెలీదా బాబూ?"

తెలుసు. కానీ పరుపు సంగతి తేలకపోతే తిరగలికి సీలు వెయ్యాలి. అప్పుడు కానుపు వేళకు సబ్బు ముక్క కూడా పుట్టదు. ఆ మాటే చెప్పి, "ఎక్కడ పెట్టారో చూపించండి. చూడకుండా నేనేం చెయ్యలేను" అన్నాడు.

తవిటమ్మ అతని మెడకేసి చూసింది. "ఆ కన్ను ఇక్కడెట్టీ. అదొస్తే నాను రాను."

సన్యాసిరావు తూనికకన్నును తీసి గూట్లో పెట్టాడు. డ్యూటీలో ఉండగా దాన్ని మెడలోంచి తీయడం అతనికి అదే మొదలు.

ఆమె అతన్ని కంపుమెట్టకు తీసుకువెళ్లింది. ఒకప్పుడు ఊరి చెత్తంతా అక్కడ కొండగా పేరుకుని ఉండేది. ఎండాకాలమంతా అంటుకుని కాలుతూనే ఉండేదని సన్యాసిరావు తండ్రి చెప్పేవాడు. తరవాత తోడుయంత్రాలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ కొండను తోడి, ఇనుమును ఇనుముకు, ప్లాస్టిక్కును రోడ్లకు, మట్టిని తోటలకు పంపాయి. చివరి గంప ఎత్తిన రోజున ఊరంతా పండగ చేసుకుంది. నేల చదునుచేసి గడ్డి నాటారు. చెత్తే లేని చోట కాపలా దేనికని కనిపెట్టే యంత్రాలన్నీ తీసేశారు. పార్కు అని బోర్డు పెట్టారు గానీ, ఆ పేరు వింటేనే ముక్కు మూసుకునే జనం అటు షికారుకు రాలేదు. గడ్డి మాత్రం బాగా ఎదిగింది.

మెట్టకు అవతలివైపు పల్లంలో తుప్పలు పక్కకు నెట్టి తవిటమ్మ ఆగింది.

అక్కడ పరుపులున్నాయి. చుట్టలు చుట్టి తాళ్లతో కట్టి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. చేతికర్రలు, ఊపిరందించే గొట్టాలు, మంచంపట్టినవాళ్లు కూర్చునే కుర్చీలు, దారం కట్టిన కళ్లజోళ్లు. ఒక స్కూలు సంచీ కూడా ఉంది. విసిరేసినట్టు ఒక్కటీ లేదు. అన్నీ కుదురుగా సర్దిపెట్టి ఉన్నాయి. సన్యాసిరావు ఆ స్కూలు సంచీవైపు రెండోసారి చూడలేకపోయాడు.

"ఇయి సెత్త కాదు బాబూ. పోయినోల్తో పోవాల్సినయి. ఎక్కడికీ పోనివ్వకపోతే ఏటి సేత్తాం? ఇక్కడికి మోసుకొచ్చినాం."

అంతలో ఓ ముసలాయన నడకబండి ఒకటి మోసుకుంటూ వచ్చాడు. భార్య పట్టుకుని నడిచినదై ఉంటుంది. కుర్చీల పక్కన దాన్ని దించి, చేత్తో ఓసారి తుడిచి, వచ్చినదారినే వెళ్లిపోయాడు. ఇద్దరు మనుషులు నిలబడి చూస్తున్నారన్న ధ్యాసే అతనికి లేదు.

"వదిలినోలు ఎనక్కి తిరిగి సూడకూడదు" అంది తవిటమ్మ గొంతు తగ్గించి.

సన్యాసిరావు గడ్డిలో కూలబడ్డాడు. అతని భార్య లక్ష్మీకాంతం పోయి రెండేళ్లు. ఆవిడ పక్కబట్టలను అతని ఇంటి తిరగలి గుమ్మంముందు కాళ్లు తుడుచుకునే పట్టాగా చేసి ఇచ్చింది. ఆ పట్టాను దాటుకుంటూ వెళ్లడమే తప్ప ఒక్కరోజూ దానిమీద కాలు పెట్టలేదు. గుమ్మానికి ముందర మనిషి పడుకుని ఉన్నట్టు రెండేళ్లుగా పెద్ద అంగ వేసి ఇంట్లోకి వెళుతున్నాడు. పరాయివాళ్ల మైల గురించి అంత బుర్ర పెట్టిన ఇంజనీర్లకు ఇంటివాళ్ల చావు గురించి ఒక్క ఆలోచనా రాలేదని అతనికి పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం కూడా కాసేపటికే అలిసిపోయింది.

తవిటమ్మ ఇంటికి తిరిగి వెళ్లాక గూట్లోంచి తూనికకన్నును తీసి, "తరుగు లేదు. ఈ ఇంటి తిరగలి తూకంలోనే లోపముంది" అని దానికి చెప్పాడు. పరిశీలకుడి మాటను అది కాదనదు. పరుపును లెక్కలోంచి తీసేసింది. తిరగలి అడగడం మానేసింది. ఝాన్సీ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఈసారి అతను తాగాడు.

ఆ సాయంత్రం ఇంటికి చేరాక సన్యాసిరావు తిన్నగా లోపలికి పోలేదు. చావు సామాన్ల మధ్య కూర్చుని వచ్చినవాడు స్నానం చేయకుండా గడప దాటడు. చిన్నప్పుడు తల్లి నేర్పిన పద్ధతి, ఒంటికి పట్టిపోయింది. పెరట్లో కుళాయి కింద కట్టుబట్టలతోనే కూర్చుని తలారా నీళ్లు పోసుకున్నాడు. బట్టలు అక్కడే తడిపి పిండాడు. మనసు తేలికపడింది. చాన్నాళ్ల తరవాత ఆకలి వేసి, అన్నం తిని పడుకున్నాడు.

పెరటి నీళ్లు కూడా తిరగలిలోకే పోతాయన్న సంగతి తెలియనిదేం కాదు. స్నానం చేసేవాడికి ఆ ఆలోచన ఎందుకొస్తుంది? ఒంటికి అంటుకొచ్చిన దుమ్ములో ఏయే ఇళ్ల రేణువులున్నాయో తిరగలి ఒక్కొక్కటే ఏరుకుంది. ఇంతమంది ఇంటిగుర్తులు ఒకే మనిషి మీదికి ఎలా వచ్చాయని దానికి అనుమానం వచ్చింది. కంపుమెట్ట గడ్డి గింజలు రెండు దొరకడంతో అనుమానం తీరిపోయింది. కబురు పైకి పంపింది.

మర్నాడు పొద్దెక్కాక పైఅధికారిణి కాదంబరి ఫోన్ చేసింది.

"సన్యాసిరావుగారూ, అభినందనలు. మీ ఇంటి తిరగలి భలే పట్టుకుందండీ. తోడుయంత్రాలు వెళ్లి అన్నీ తీశాయి. ఏ ఇంటిది ఆ ఇంటికి చేర్పించేశాం. మీరు బయట మాటువేసి కనిపెట్టారటగా?"

"నేను మాటువెయ్యలేదు మేడమ్. స్నానం చేశాను" అన్నాడు సన్యాసిరావు.

ఆమెకు అర్థంకాక నవ్వేసింది. అతను ఫోన్ పెట్టేసి, చొక్కా వేసుకుని పరుగులాంటి నడకతో ఆ వీధికి వెళ్లాడు.

వీధిలో సగం ఇళ్లకు తాళాలున్నాయి. తవిటమ్మ ఇంటికీ తాళమే. పక్కింటి అరుగుమీద కూర్చున్న పెద్దాయన అడక్కుండానే చెప్పాడు.

"నిన్న రేతిరే కోడలికి నొప్పులొచ్చినాయి. ఆసుపత్రికెల్లినారు. పొద్దున్నే ఆ యంత్రాలొచ్చి పరుపుని తిన్నగా తిరగల్లో ఏసీసి పోనాయి. తవిటమ్మొచ్చి సూసింది. లోపలికి కూడా ఎల్లలేదు. తలుపుకి తాళమేసీసి, కోడల్నీ పుట్టిన గుంటనీ తీసుకుని అటే సముద్రం ఒడ్డుకి పోయింది. ఆ ఇల్లు పాడుపెట్టీసినాను అంది."

చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే కొన్ని నెలలు ఇల్లు పాడుపెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. గడువు తీరాక శాంతి చేసుకుని తిరిగొస్తారు. పోయినవాళ్ల రజను ఇంట్లోనే తిరుగుతూ ఉంటే ఆ గడువు ఎప్పటికి తీరుతుంది? వస్తువును బయట పెట్టనివ్వకపోతే మనుషులే బయటికి వచ్చేస్తారన్నది ఏ ఇంజనీరూ వెయ్యని లెక్క.

సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల కింద చాలామంది ఉన్నారు. కంపుమెట్ట సామాను తిరిగొచ్చిన ఇళ్లవాళ్లే అందరూ. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు. చాప లేదు, గిన్నె లేదు. ఏ వస్తువైనా పుట్టేది ఇంటి తిరగలిలోనే, ఆ ఇంటికే తాళం వేసి వచ్చారు. నిన్న నడకబండి తెచ్చిన ముసలాయన చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

తవిటమ్మ ఒక చెట్టు మొదట్లో నిలబడి, చేతుల్లో పసిగుడ్డును అటూ ఇటూ ఊపుతోంది. కట్టుకున్న చీర సగానికి చింపి బిడ్డకు చుట్టినట్టుంది, మిగిలిన సగం ఆమె ఒంటికి చాలీచాలకుండా ఉంది. ఆసుపత్రి గుడ్డ ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. పక్కనే తడి ఇసకలో ఝాన్సీ ముడుచుకుని పడుకుని ఉంది.

"ఆడగుంట" అంది తవిటమ్మ అతన్ని చూసి. కోప్పడలేదు, ఎలా తెలిసిందని అడగలేదు. అడిగి ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది. "పొద్దుటినుంచీ నానే మోస్తున్నాను. దించుదామంటే కింద సీమలు, తడి. ఏసీదానికి ఓ గుడ్డ లేదు."

సన్యాసిరావు గబగబా చొక్కా గుండీలు విప్పాడు. మందపాటి చొక్కా, అతని ఇంటి తిరగలి ఈమధ్యనే పోతపోసి ఇచ్చినది. విప్పి ఆమె ముందు చాపాడు.

తవిటమ్మ చెయ్యి చాపబోయి ఆగింది. చొక్కాకేసి చూసి, తరవాత అతని మొహంకేసి చూసింది.

"ఇందులో ఎవలున్నారు బాబూ?"

ఆవిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. సన్యాసిరావు చొక్కాను మళ్లీ తొడుక్కోనూ లేక, ఉండలా చుట్టి దూరంగా చెట్టుకొమ్మకు తగిలించి వచ్చాడు.

"సేతులు పడిపోతున్నాయి. నువ్వోసారి ఎత్తుకో" అంది ఆమె.

అతను ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తవిటమ్మ వంగి బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. బిడ్డ ఒక్కసారి మూలిగి, అతని ఒట్టి రొమ్ముకు చెంప ఆనించి నిద్రపోయింది. తవిటమ్మ కోడలి పక్కన ఒరిగి, ఒరగడంతోటే తానూ నిద్రపోయింది. సన్యాసిరావుకు మోచేతులు నొప్పెట్టడం మొదలైంది. దించడానికి చోటు లేదు, లేపడానికి మనసు రాలేదు. అలాగే కూర్చున్నాడు.