నాలుగో మగ్గం దరువు

చొప్పదండి శివారులో మూతబడ్డ మరమగ్గాల షెడ్డు ఒకటి ఉంది. పొద్దుగూకితే ఆ దారిన ఎవరూ పోరు. మూడేళ్ల కింద పర్శరాములు అనే కార్మికుడు అక్కడ నాలుగో మగ్గం నడుపుతూ, దాని మీదే వాలి ప్రాణం విడిచాడు. మనిషి పోయినా మగ్గం ఆగలేదు... పక్క షెడ్డువాళ్లు వచ్చి ఆపేదాకా ఆడుతూనే ఉందట. తర్వాత మగ్గాలకు కరెంటు తీసేశారు, బల్బు లైను మాత్రం ఉంచారు. అయినా రాత్రిళ్లు చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

అలాంటి షెడ్డులోకి రంజిత్ ఓ రాత్రి కీబోర్డు మోసుకుని పోయాడు. పోక తప్పలేదు. అతను కీబోర్డు వాయించే పెళ్లిళ్ల బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు మానేశాడు. మర్నాడే చెన్నూరులో పెళ్లి. బ్యాండు నడిపే అంబదాస్ ఫోన్‌లో తేల్చి చెప్పాడు—

"ఒక్క కీబోర్డు మీద బేసు, పాట రెండూ నువ్వే వాయించాలె. పెద్ద స్పీకర్ డబ్బాల ఎట్ల మోగుతదో రికార్డు చేసి తొమ్మిదింటికల్ల పంపు. కాకుంటే చెప్పు, కరీంనగర్ పిలగాడు రెడీగున్నడు."

ఇంట్లో నెలల పాప. డబ్బా మోగితే నిద్రపోదు.

"గా షెడ్డులనా?" అంది భార్య భవ్యశ్రీ. మళ్లీ తనే, "నీ పాట వింటే దయ్యమే ఉరుకుతది తియ్యి. జల్ది రా."

షెడ్డులో ఒకే బల్బు. దాని వెలుగు రెండో మగ్గం దగ్గరే ఆగిపోయింది. రంజిత్ కీబోర్డును స్టాండు మీద పెట్టి డబ్బాకు తగిలించాడు. స్ప్లిట్ నొక్కి మెట్లను రెండు భాగాలు చేశాడు. ఎడమకు బేస్. కుడికి సన్నాయి, దానికి లేయరుగా వయొలిన్లు— ఒక్క మెట్టు నొక్కితే రెండూ కలిసి పలకాలి. హద్దు ఎక్కడో మసక వెలుగులో తెలియడానికి, నేతింటి అలవాటు కొద్దీ, మెట్ల సందులో ఎర్ర నూలు పోగు దూర్చాడు.

ఎడమచేయి వేశాడు. గుమ్మ్...

టక్... టక్... టక్...

నాలుగో మగ్గం వైపు నుంచి.

చెయ్యి తీశాడు. ఆగింది. మళ్లీ వేశాడు.

టక్... టక్...

లేచి పోదామనుకున్నాడు. టైము ఎనిమిదీ నలభై. పోతే, రేపటి నుంచి కరీంనగర్ పిల్లాడే.

అప్పుడు తట్టింది. బేస్ రెండు ఆక్టేవులు, అంటే రెండు స్థాయిలు, కిందికి దించి ఉంది. ఆ మోతకు డబ్బా అదురుతోంది, డబ్బాతో నేల, నేలతో మగ్గంలో వదులైన ఇనుప ముక్కలు. అంతే! ఒక ఆక్టేవు పైకి జరిపి వాయించాడు. మగ్గం కిక్కురుమనలేదు.

"ఓర్నీ... జరైతే పాణం పోతుండె," అని ఒక్కడే నవ్వుకున్నాడు.

ఫోన్‌లో రికార్డు పెట్టి పాటంతా వాయించాడు. సెట్టింగు సేవ్ చేశాడు. పాట పంపాడు. వైర్లు చుడుతుండగా అంబదాస్ ఫోన్ చేశాడు.

"శభాష్ రంజిత్! నీ జాగ పక్కా. కని ఒక్క షరతు— గా దరువేసినాయనను గూడ తీస్కరావాలె."

"...ఎవలనే అన్నా? నేనొక్కన్నే ఉన్న."

"పరాచికాలా? పాట పొడుగునా టక్ టక్‌మని వేసిండు గదా. నువ్వు ఆపినంక గూడ ఆగలే ఆయన."

రంజిత్ చీకటి వైపు చూశాడు. షెడ్డంతా నిశ్శబ్దం. చెవికి ఏమీ వినపడటం లేదు.

ఫోన్‌లో అంబదాస్ నవ్వాడు—

"ఇగో, గిప్పుడు గూడ వేస్తుండు... జర ఆయనకు ఫోనియ్యి."