మూడు జిల్లాల మధ్య ఎర్ర కాగితం

కురుమూర్తి స్వామి జాతరలో ప్రసాదం చేతిలో పడితే, పక్కవాడికి చిటికెడైనా పెట్టకుండా ఎవరూ నోట్లో వేసుకోరు. అదే మనుషులు ఆఫీసు కుర్చీలో కూర్చోగానే తెలిసిన మాటను ఒంటరిగా ఎందుకు మింగేస్తారు? ఏళ్లుగా నన్ను వదలని సందేహం ఇది. స్వామినీ అడిగాను. ఆయన ఇంకా చెప్పలేదు. ఏజెంట్ జుబేర్ సంగతి తెలిశాక సందేహం ఇంకా ముదిరింది.

“టార్గెట్ కోడ్ నేమ్ తామర.” సెక్యూర్ లైన్‌లో చీఫ్ బాలకృష్ణ గొంతు. “విదేశీ ముఠాకు కొరియర్. గద్వాల గోదాంలో ఉన్న కొత్త పత్తి రకం పేరెంట్ సీడ్‌ను, అంటే మూల విత్తనాన్ని, ఎత్తుకుపోతోంది. రేపు ఉదయం కొల్లాపూర్ దగ్గర కృష్ణ దాటిస్తుంది. అది పోతే వచ్చే ఏడు గద్వాలలో విత్తనం కోసం పెంచే సీడు పత్తి వేయడానికి గింజ ఉండదు.”

“ఆమె ఎవరు సర్?”

“నీకు అవసరమైనంతే చెప్పాను.”

“దొరికితే?”

“పడవలో కాలు పెడితే షూట్. రేవు మీద నాగర్‌కర్నూల్ స్నైపర్ ఈరన్న ఉంటాడు.”

లైన్ కట్.

గద్వాల సెల్ ఇన్‌చార్జ్ వెంకటన్న టీ తెప్పించాడు. సమాచారం తప్ప అన్నీ ఇచ్చేలా ఉన్నాడు.

“గోదాం చూసినవా అన్నా?” జుబేర్ అడిగాడు.

“చూసిన సార్. లారీ నంబర్ గుడ పట్టిన. గానీ అమరచింత దాటినంక అది వనపర్తోల్ల లారీ. మాకేం సంబంధం?”

“వాళ్లకు చెప్పినవా మరి?”

“సంగమంల ఎక్కియ్యాలె.”

సంగమం అంటే మూడు జిల్లాల సెల్స్ సమాచారం పంచుకోవడానికి డిపార్ట్‌మెంట్ పెట్టిన పోర్టల్. జుబేర్ తెరిచి చూశాడు. స్వాగతం అన్న మాట తప్ప ఏమీ లేదు.

“ఎక్కిస్తే సోమవారం రివ్యూల నిలవెట్టి అడుగుతరు సార్,” అన్నాడు వెంకటన్న. “ఎక్కియ్యకుంటే ఎవ్వరు అడగరు. మీరే చెప్పుండ్రి, ఏది మంచిది?”

జుబేర్ పోర్టల్ మూసి టీ తాగాడు. టీ మాత్రం బాగుంది. అదే ఇంకా కోపం తెప్పించింది.

వనపర్తిలో సెల్ ఇన్‌చార్జ్ ప్రేమలత టేబుల్ ముందు నిలబడి నెమ్మదిగా కోడ్ చెప్పాడు.

“కొల్లాపూర్ మామిడి పూతకొచ్చిందా?”

ఆమె తలెత్తలేదు. “ఆ కోడ్ పోయిన నెల మారింది సార్. మీకు చెప్పలేదా?”

“కొత్తది ఏంది?”

“అది చెప్పనీకి రాదు.”

“నా ఐడీ కార్డు చూడుండ్రి మేడమ్.”

“చూసిన. మీరు మీరేనని నాకు నమ్మకమే. గానీ కోడ్ రాలేదు కద.”

ఆమె వెనక బీరువాలో నాలుగేళ్ల రిపోర్టులున్నాయి. ఆ ముఠా లోపలి నుంచి ఒక రహస్య సోర్స్ పంపినవి. ఆ సోర్స్ ఎవరో తెలిసినవాడు ఒక్కడే, పాత ఆఫీసర్. ఆయన రిటైరై, ఆ పేరును తలలోనే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈ సంగతి జుబేర్‌కు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

మరునాడు ఉదయం కొల్లాపూర్ రేవు. జుబేర్ మామిడి దళారి వేషంలో ఉన్నాడు: తలకు తువ్వాలు, పెట్టుడు మీసం, చెవిలో ఇయర్‌పీస్. ఇయర్‌పీస్‌లో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు సెల్స్‌కూ మూడు ఫ్రీక్వెన్సీలు. దాన్ని పీకి జేబులో పడేశాడు.

తెల్ల కారు వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, ముత్యాల రంగు చీర, ఎత్తు మడమల చెప్పులు. తామర దిగింది. పక్కన ముఠా నాయకుడు విక్టర్. వెనక సంచుల లారీ.

జుబేర్ మామూలు ఫోన్ తీసి వెంకటన్ననూ ప్రేమలతనూ ఒకే కాల్‌లో కలిపాడు.

“ముందు నేను చెప్త. ఈ ఆడమనిషి పడవెక్కితే కాల్చుమని ఆర్డర్. ఇది మీకు చెప్పొద్దు, చెప్పిన. ఇగ మీరు రాయకుండ ఇడిచిపెట్టింది ఒక్కటి చెప్పుండ్రి.”



“గోదాంల కొన్ని సంచుల కుట్టుకు ఎర్ర కాగితం గుచ్చి ఉండె సార్,” అన్నాడు వెంకటన్న. “కూలోల్లు ఆటకు పెట్టిన్రనుకున్న.”

జుబేర్‌కు ఆ కాగితం తెలుసు. అతని చిన్నతనమంతా సీడు పత్తి చేలలోనే. సాయంత్రం ఆడ మొక్కల వరుసలో మొగ్గ ఒలిచి కేసరాలు తీసినవాళ్లు దానికి ఎర్ర కాగితం తొడిగి ఇంటికి పోతారు. తెల్లారి వచ్చినవాళ్లు ఆ ఎరుపు చూసి పుప్పొడి రుద్దుతారు. ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా పని ఆగదు.

“ఆ సంచులు ఇప్పుడు యాడున్నయి?”

“గోదాంల్నే. లారీల ఎక్కియ్యలే.”

“ఎవరు లోడ్ చేయించిండ్రు?”

“కండ్లద్దాల మేడమే. దగ్గరుండి ఎక్కిచ్చింది.”

ప్రేమలత గొంతు సవరించుకుంది. “ఆ ముఠాల మాకొక సోర్స్ ఉంది సార్. ఆఖరి రిపోర్ట్ మొన్న వచ్చింది. ‘నా సగం పని అయింది. మిగిలిన సగం మీది’ అని. అర్థం కాలే. ఫైల్ల పెట్టిన.”

“మేడమ్, మీ సోర్స్ నా ముందట నడుస్తుంది! ఎర్ర కాగితమున్న అసలు గింజ గోదాంల్నే ఉంది. లారీల ఉన్నది ఉత్త గింజ. మనం మన మనిషినే కాలుస్తున్నం!”

ఈరన్నకు ఫోన్ కలిపాడు. “కాల్చకు! ఆమె మనామె!”

“మీ మాట మీద ఆపనీకి రాదు సార్. చీఫ్ చెప్పాలె.”

చీఫ్ ఫోన్ పీఏ ఎత్తాడు. “సార్ వర్క్‌షాప్‌లో ఉన్నారండీ. సమాచారం పంచుకోవడం మీద. ఫోన్లు బయట పెట్టించారు.”

తామర పడవ పలక వైపు అడుగు వేసింది.

జుబేర్ పరుగెత్తాడు. తువ్వాలు ఎగిరిపోయింది. మీసం సగం ఊడింది. ఆమెకూ తుపాకీకీ నడుమ నిలబడి, వీపు ఈరన్న వైపు పెట్టి, రెండు చేతులూ చాచాడు.

“ఎర్ర కాగితం చూసినం, బెహన్,” అన్నాడు రొప్పుతూ.

విక్టర్‌కు తెలుగు రాదు. కానీ ఊడిన మీసం అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు. పిస్టల్ తీశాడు. ఆమె మడమ చెప్పు అతని పాదం మీద దిగింది, మోచేయి గొంతులో దిగింది. మనిషి నీళ్లలో పడ్డాడు. అదే క్షణంలో గట్టు మీద ఈరన్న తుపాకీ పేలింది. పడవ ఇంజన్ పొగలు కక్కి ఆగిపోయింది.

ఈరన్న దిగి వచ్చి విక్టర్‌ను కాలర్ పట్టి ఒడ్డుకు లాగాడు. “చీఫ్‌ను అడగకుంటనే పేల్చినవా?” అన్నాడు జుబేర్.

“కండ్లముందట కనపడ్డంక ఇంకెవర్ని అడగాలె సార్?”

తామర రాయి మీద కూర్చుని, చిందిన నీళ్లకు తడిసిన కొంగు పిండుకుంది. అసలు పేరు షాజియా అంది.

“నన్ను కాల్చనీకి మా ఆఫీసే మనిషిని పెట్టిందా భాయ్?”

జుబేర్ తల దించుకున్నాడు.

“నాలుగేండ్లు రిపోర్టులు పంపిన. ఒక్కదానికన్న ‘అందింది’ అని జవాబు రాలే. మనిషికి చెప్తున్ననా, గోడకు చెప్తున్ననా తెల్వకుంటనే పంపిన.”

 జుబేర్ ప్రేమలతకు ఫోన్ కలిపి, “మీ సోర్స్‌కు జవాబు చెప్పుండ్రి మేడమ్” అని షాజియా చేతిలో పెట్టాడు. 

“అందినయి చెల్లె,” అంది ప్రేమలత. “అన్నీ అందినయి.”

షాజియా కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

“షుక్రియా మేడమ్. జర ఆలస్యమైంది గానీ, నేను బతికున్నప్పుడే చెప్పిండ్రు.”