పచ్చదీపం ఉన్న చేయి

డాక్టర్ మందాకిని సైదమ్మ ముంజేతిని స్పిరిట్ దూదితో తుడిచి, బియ్యపు గింజంత సెన్సర్‌ను చర్మం కిందికి దించింది. సైదమ్మ మొహం తిప్పుకోలేదు. కాసేపటికి అక్కడ చర్మం లోపల్నుంచి పచ్చటి వెలుగు మెత్తగా కనబడింది.

"ఏం చెబుతోందమ్మా ఇది?" అని అడిగింది సైదమ్మ.

"మీరు వేసుకున్న మాత్ర ఒంట్లో సరిపడా ఉందని చెబుతోంది."

"అది నాకు తెలుసుగా. వేసుకుంది నేనేగా."

డాక్టర్ నవ్వేసింది. ఆ మాటను ఆరోజే నిజంగా విని ఉంటే మున్నేటిపట్నంలో ఇంత ఘోరం జరిగేది కాదు. చదువుకున్నవాళ్ళకు ఒక దురలవాటు ఉంటుంది. పేదవాళ్ళు చెప్పింది బాగుంటే నవ్వుతారు, పక్కన పెట్టేస్తారు.

ఆ సెన్సర్ సంగతి ముందు చెప్పాలి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు రోజుకొక మాత్ర వేసుకుంటారు. ఒకే మాత్రలో మూడు మందులు ఉంటాయి. అవి వైరస్‌ను చంపెయ్యవు, పెరగనివ్వకుండా కట్టేస్తాయి. రోజూ తప్పకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం భార్యాభర్తల కలయిక వల్ల కూడా ఒకరినుంచి ఒకరికి రాదు. మానేస్తూ వేసుకుంటూ ఉంటే మాత్రం వైరస్ ఆ మందుకు మొండికేస్తుంది. కడుపుమంట మందులు, ఐరన్, కాల్షియం బిళ్ళలు దాంతోపాటే మింగితే ఒక మందు ఒంటికి పట్టదు. ఇవన్నీ మనిషి ఒక్కడే గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి డాక్టర్ మందాకిని ఈ సెన్సర్ తయారుచేసింది. రక్తంలో మందు చాలినంత ఉంటే పచ్చ, తగ్గుతుంటే పసుపు, మరీ తగ్గితే ఎరుపు.

మొదట ఆమె గీసుకున్న నమూనాలో దీపం లేనే లేదు. సంగతేదో ఆ మనిషి ఫోనుకు మాత్రమే రహస్యంగా చెప్పేది. హెల్త్ డిపార్ట్‌మెంట్ పెద్దలు ఒప్పుకోలేదు. మా సిబ్బందికి కంటికి కనబడాలి, లేకపోతే ఫైలు కదలదు అన్నారు. ఆమె ఒప్పుకుంది. రోగి కోసం చేసిన వస్తువు అక్కడే ఊరి చేతికి వెళ్ళిపోయింది. ఈ దీపం జబ్బు ఉందో లేదో చెప్పదని, వైరస్ ఎంత ఉందో తెలియాలంటే రక్తపరీక్ష చెయ్యాల్సిందేనని ఆమె ప్రతి మీటింగులో మొత్తుకుంది. అందరూ తలలూపారు. మన ఆఫీసుల్లో వినే పనికి బదులు చేసే పని అది.

ఇక సైదమ్మ. ఊరి బడులన్నిటికీ మధ్యాహ్న భోజనం వండే సెంట్రల్ కిచెన్‌లో వంటమనిషి. గంగాళాల్లో పప్పు మరుగుతుంటే వాసనను బట్టి ఉప్పు చెప్పేది. ఆమె జబ్బు సంగతి ఎవరో బయటపెట్టిన రోజున తోటి వంటమనిషి నాంచారమ్మ, ఆమె ముంచిన నీళ్ళు తాగనని గ్లాసు కింద పెట్టేసింది. సూపర్‌వైజర్ పూర్ణచంద్రరావు సైదమ్మను పొయ్యి దగ్గర్నుంచి లేపి పెరట్లో గిన్నెలు తోమడానికి పంపాడు. వంట వల్ల, ముట్టుకోవడం వల్ల, ఒక కంచంలో తినడం వల్ల ఈ జబ్బు రాదని మూడు తరాలుగా బడిపుస్తకాల్లో ఉంది. ఆ పాఠం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే పెద్దయ్యాక ఇలా తయారయ్యారు. ఆమెకు జబ్బు ఎలా వచ్చిందని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు ఈ కథలో జవాబు దొరకదు.

పచ్చదీపం వచ్చాక పూర్ణచంద్రరావు మెత్తబడ్డాడు. దీపం వెలుగుతోంది కాబట్టి ప్రమాదం లేదన్నాడు. లేని ప్రమాదం పోయిందని సంతోషించి ఆమెను మళ్ళీ పొయ్యి దగ్గరికి రానిచ్చాడు. సైదమ్మకు కావలసింది అదే. కారణం ఏ గంగలో కలిస్తే ఆమెకేం?

అయితే పిల్లల తల్లిదండ్రులు కొందరు వచ్చి, సైదమ్మకైతే దీపం ఉంది, మిగతావాళ్ళ సంగతి మాకెలా తెలుస్తుంది అని అడిగారు. పూర్ణచంద్రరావుకు ఆ ప్రశ్న చాలా తెలివైనదిగా తోచింది. గేటుకు దీపం రంగు చదివే రీడర్ ఒకటి బిగించి, వంటమనుషులందరికీ సెన్సర్లు పెట్టించాడు. పచ్చదీపం ఉన్న చేయి పెడితేనే గేటు తెరుచుకుంటుంది.

డాక్టర్ మందాకిని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"జబ్బు లేనివాళ్ళకు దీపం వెలగదు సార్. ఒంట్లో ఆ మందు ఉంటేనే వెలుగుతుంది."

"అంటే వాళ్ళకు గ్యారంటీ లేదన్నమాటేగా?"

"వాళ్ళకు అసలు జబ్బే లేదు."

"ఆ మాట దీపం చెప్పాలి కదండీ."

మర్నాటి నుంచి గేటు సైదమ్మకు ఒక్కదానికే తెరుచుకుంది. ఏ జబ్బూ లేని వంటమనుషులంతా బయట గోడవారన కూర్చున్నారు. ఆ కొద్దిరోజులు పక్క ఊరి హోటలునుంచి అన్నం తెప్పించారు. సైదమ్మ జబ్బు తనకెందుకు రాలేదా అని ఏడ్చే రోజు వస్తుందనుకోలేదని నాంచారమ్మ అందరినీ నవ్వించింది. అయితే ఇంట్లో పొయ్యి ఆమె జీతం మీదే వెలగాలి. నవ్వి ఊరుకోవడం ఆమెకు కుదరదు.

బస్టాండు పక్కన మాత్రలిచ్చే యంత్రం ఉంది. పూర్వం హెచ్.ఐ.వి. మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మనుషులు కూర్చుని ఇచ్చేవాళ్ళు, అన్నం తింటున్నావా, ఇంకేం మందులు వాడుతున్నావు అని అడిగేవాళ్ళు. రహస్యం కాపాడటానికని ఆ మనుషుల్ని తీసేసి యంత్రాన్ని పెట్టారు. అది పేరు అడగదు, జబ్బు అడగదు. సెన్సర్ ఉన్న చేయి పెడితే నెలకొక సీసా ఇస్తుంది. నాంచారమ్మ వెళ్ళి చేయి పెట్టింది. సీసా వచ్చింది.

సైదమ్మకు తెలిసి మండిపడింది. "నీకు షుగరు బిళ్ళలున్నాయి వదినా. దీంతో కలిపి వాడాలంటే డాక్టరుకు చెప్పి వాడాలి. మా జబ్బు లేకుండా ఈ మందు నీకెందుకే?"

"నా నౌకరీ నీ మందులో పెట్టారు సైదమ్మా. నేనేం చెయ్యను?"

 

కొన్ని రోజులకు నాంచారమ్మ చేతిమీద పచ్చగా వెలిగింది. వెనకే మిగతా వంటమనుషులూ వెలిగించుకున్నారు. తర్వాత హోటళ్ళవాళ్ళు, హాస్టల్ వార్డెన్లు, బార్బర్లు. పెళ్ళిచూపుల్లో కాఫీ అందించే చేయి ఏ రంగులో వెలుగుతోందని అడగడం మర్యాద అయింది. ఊళ్ళో జబ్బున్నవాళ్ళు కొన్ని వందల మందైతే మందు మింగేవాళ్ళు వేలమంది అయ్యారు. యంత్రం ఖాళీ అయింది.

సైదమ్మ సీసా కూడా ఖాళీ అయింది. రోజూ బస్టాండుకు వెళ్ళింది, చేయి పెట్టింది, స్టాకు లేదన్న మాట విని తిరిగొచ్చింది. దీపం పసుపైంది. ఎరుపైంది. గేటు తెరుచుకోలేదు. లోపల పచ్చదీపాలతో నాంచారమ్మ, మిగతావాళ్ళు వండుతున్నారు. మందు అవసరమైన ఒకే ఒక్క మనిషి బయట నిలబడింది.

అందరికీ ఇన్ని సీసాలు పోతుంటే కొందరి దీపాలు ఎర్రగా ఎందుకున్నాయని డిపార్ట్‌మెంట్‌లో ఒక అనుమానం పుట్టింది. ఎర్రదీపం వాళ్ళు మాత్రలు అమ్ముకుంటున్నారని తేల్చారు. కొత్త స్టాకు వచ్చేసరికి రూలు మార్చారు. పచ్చదీపం ఉన్న చేతికే సీసా. రక్తంలో మందు ఉన్నవాళ్ళకే మందు. కడుపు నిండినవాడికే విస్తరి వెయ్యమన్నట్టు. ఈ రూలు రాసినవాడు ఇంటికి వెళ్ళి హాయిగా భోంచేసి ఉంటాడు.

సైదమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం సహించడం లేదు. పెద్దాసుపత్రికి వెళితే అక్కడి డాక్టర్ కడుపు నొక్కి చూసి, రక్తం తీయించి, ఆమెకు హెపటైటిస్ బి కూడా ఉందని చెప్పాడు. మాత్రలోని మూడు మందుల్లో రెండు ఇన్నాళ్ళూ దాన్ని కూడా అణిచిపెట్టాయి. ఉన్నట్టుండి మందు ఆగేసరికి అది లేచి కాలేయం మీద పడింది. అందుకే ఈ మాత్రను డాక్టర్‌తో చెప్పకుండా మానకూడదంటారు. వెంటనే మళ్ళీ మొదలుపెట్టకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడు. మందు ఇమ్మంటే, స్టాకంతా యంత్రంలోనే ఉందని తల దించుకున్నాడు. డాక్టర్ మందాకిని వచ్చి ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆ యంత్రాన్ని తెరిచే హక్కు ఆమెకూ లేదు. పైకి రాస్తానంది.

"రాయండమ్మా," అంది సైదమ్మ. "జవాబొచ్చేదాకా ఆగమని నా కాలేయానికి నేను చెబుతా."

ఆమె అక్కడ బల్లమీద ఉండగానే నాంచారమ్మను ఆటోలో మోసుకొచ్చారు. పొయ్యి దగ్గర వాంతులు చేసుకుని పడిపోయింది. ఊపిరి వేగంగా తీస్తోంది. ఏం మందులు వాడుతున్నావని ఆసుపత్రి డాక్టర్ అడిగితే షుగరు బిళ్ళలు మాత్రమే అంది. ఇంకేమైనా అంటే తల అడ్డంగా ఊపింది. చెబితే జబ్బుందనుకుంటారు. చెప్పకపోతే ప్రాణం పోతుంది. జబ్బు లేదని నిరూపించుకోడానికి మింగిన మాత్ర ఆమెను అక్కడికి తెచ్చింది.

సైదమ్మ గోడ పట్టుకుని లేచింది. "మా మాత్ర కూడా వేసుకుంటోంది సార్. జబ్బు లేదు. గేటు కోసం."

నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టర్‌కు వెంటనే అర్థమైంది. ఆ మాత్రలోని ఒక మందు షుగరు బిళ్ళను ఒంట్లోంచి బయటికి పోనివ్వదు. పెద్ద డోసు వాడేవాళ్ళకు అది పేరుకుని విషమవుతుంది. రెండూ ఆపించి, సెలైన్ ఎక్కించి, నాంచారమ్మను బతికించారు. హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేశారు. లేదు.

లేచి నడవగలిగిన రోజున నాంచారమ్మ తిన్నగా బస్టాండుకు వెళ్ళింది. ఆమె చేతిమీద దీపం ఇంకా పచ్చగా ఉంది, ఆరిపోయే ముందు. సైదమ్మ, డాక్టర్ మందాకిని వెంట ఉన్నారు. నాంచారమ్మ చేయి పెట్టింది. ఆ నెల సీసా పడింది.

"క్రమం తప్పకుండా మందు వాడుతున్నందుకు అభినందనలు," అంది యంత్రం.

"నీ మొహం," అంది నాంచారమ్మ. సీసా సైదమ్మ చేతిలో పెట్టింది. "ఆరోజు నీ నీళ్ళు తాగనన్నా. ఇది తీసుకోవే."

సైదమ్మ అక్కడే, అందరూ చూస్తుండగా, ఒక మాత్ర మింగింది.

నాంచారమ్మ సంగతి విన్న తోటి వంటమనుషులకు భయం పట్టుకుంది. ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్‌ను అడిగారు. ఆయన ఒక్కొక్కరికీ పరీక్షలు చేసి, మానేస్తే ప్రమాదం లేదని తేలాకే మానిపించాడు. వాళ్ళు తమ చేతుల్లో వెలుగు ఉండగానే యంత్రం దగ్గరికి వెళ్ళి తలా ఒక సీసా తెచ్చి, ఆసుపత్రి వరండాలో ఎర్రదీపాలతో కూర్చున్నవాళ్ళ కోసం డాక్టర్ చేతికి ఇచ్చారు. వాళ్ళలో జబ్బు కొత్తగా తెలిసినవాళ్ళూ ఉన్నారు. ఇంకా ఒక్క మాత్రా మింగని చేతికి పచ్చ ఎక్కడినుంచి వస్తుంది? డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తట్టని ఆ ప్రశ్నకు ఈ ఆడవాళ్ళు జవాబు చూపించారు.

తర్వాత జరగాల్సింది జరిగింది. ఒక పొద్దున కిచెన్ గేటు దగ్గర చేతులన్నీ చీకటిగా ఉన్నాయి. ఒక్కటి తప్ప. సైదమ్మ దీపం పచ్చగా వెలుగుతోంది. కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

పూర్ణచంద్రరావుకు చెమటలు పట్టాయి. హోటలువాళ్ళు ఆరోజు కుదరదన్నారు. బడుల్లో వేలమంది పిల్లలు. డాక్టర్ మందాకిని ఆ రీడర్ పీకి పారెయ్యమంది. ఆర్డర్ కావాలన్నాడు. కాసేపు నసిగి, సైదమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీ సీసాలోంచి వీళ్ళకు తలా రెండు మాత్రలు ఇవ్వకూడదూ? దీపాలు వెలిగేదాకా."

సైదమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అమ్ముకుంటున్నానని నాకు సీసా ఆపింది మీవాళ్ళే కదా సార్. ఇప్పుడు ఊరికే పంచమంటున్నారా?"

ఆమె రీడర్‌లో చేయి పెట్టింది. గేటు తెరుచుకుంది. చేయి తియ్యలేదు. చేయి ఉన్నంతసేపూ గేటు మూసుకోదు.

"నడు వదినా. పప్పు నానెయ్యాలి."

నాంచారమ్మ, వెనకే మిగతావాళ్ళు లోపలికి నడిచారు. సైదమ్మ మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే నిలబడింది. లోపల్నుంచి పోపు వాసన వస్తుంటే, ఇంగువ తక్కువైందని బయట్నుంచే కేక వేసింది.

డిపార్ట్‌మెంట్‌కు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. రూలు తప్పలేదు, వంట ఆగలేదు. నెల తిరక్కుండా ఆమెకు గేటు దగ్గర ఉద్యోగం ఖాయం చేస్తూ ఆర్డర్ వచ్చింది. ఊళ్ళో హోటళ్ళవాళ్ళు, హాస్టళ్ళవాళ్ళు తమ గేట్ల దగ్గర నిలబెట్టడానికి ఇప్పుడు హెచ్.ఐ.వి. ఉన్న మనిషి కోసం వీధులన్నీ గాలిస్తున్నారు. నిన్నటిదాకా ఇల్లు ఖాళీ చెయ్యమన్న ఇంటి ఓనర్లు వాళ్ళను అన్నా, అక్కా అని పిలుస్తున్నారు.

డాక్టర్ మందాకిని ఒకరోజు గేటు దగ్గర ఆగి, ఉద్యోగం నిలబడినందుకు సంతోషమేనా అని అడిగింది. సైదమ్మ రీడర్‌లోంచి చేయి తియ్యకుండానే చెప్పింది.

"పొయ్యి దగ్గరికి నేను వద్దంటమ్మా. చేయి మాత్రం కావాలంట."