నూట ఇరవై బైట్లు

రైల్వే సిగ్నల్ ఇంజనీర్ చిసంగాను చంపినవాడు సైలెన్సర్ వాడాడు. రాజధాని లుసాకా బస్ స్టేషన్లో, పట్టపగలు. బెంచీ మీద వాలిపోయిన మనిషిని చూసి అందరూ నిద్రపోతున్నాడనుకున్నారు.

రెండు గంటల తర్వాత గూఢచారి శాఖ కల్నల్ సియామే ఒక కాగితాన్ని బల్ల మీదుగా తోశాడు. "చచ్చిపోయే ముందు అతను మనకు పంపిన మెసేజ్ ఇదే."

ఏజెంట్ జెలిపా జెరే చదివింది. 'ముకోంబా జంక్షన్. మంగళవారం సాయంత్రం. పోల్చడం ఆపేశారు.'

"మంగళవారం అంటే ఈ రోజే సార్!"

"అందుకే పిలిచాను. అక్కడ రైలు సిగ్నళ్లు నడిపేది రెండు కంప్యూటర్లు. ఒకే లెక్క రెండూ విడివిడిగా వేస్తాయి. ఆ రెండింటి మెమరీనీ ఒక ప్రోగ్రామ్ బైటు బైటుగా పోల్చి చూస్తుంది. జవాబు సున్నా వస్తే తేడా లేనట్టు. ఇంకేది వచ్చినా సిగ్నళ్లన్నీ రెడ్."

"ఎవరి పని?"

"మన రాగి ఎగుమతిని వాళ్ల రేవుకు మళ్లించుకోవాలనుకునే ముఠా. ఒక్క ఘోర ప్రమాదం జరిగితే చాలు, ఈ లైను మూతపడుతుంది. అక్కడ మనకో మనిషి ఉంది. వెరోనిక్, విదేశీ కన్సల్టెంట్. కోడ్ వర్డ్: వాన ఈసారి తొందరపడింది."

మూడున్నరకు హెలికాప్టర్ జెలిపాను ఊరి బయట దింపింది. నడుముకు చితెంగే గుడ్డ చుట్టుకుని, నెత్తిన గారెల బుట్టతో ఆమె సిగ్నల్ క్యాబిన్ మెట్లెక్కింది.

స్టేషన్ కంట్రోలర్ కపాసా బెంబా తెగ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. ఆమె యాస వినగానే న్గోనీ పిల్ల అని పోల్చుకున్నాడు. న్గోనీలకూ బెంబాలకూ బావామరదళ్ల వరస. తిట్టుకోకపోతేనే అనుమానించాలి.

"ఏం మరదలా, బుట్టలో ఎలకలేనా?"

"మావాళ్లు తినగా మిగల్లేదు బావా. మీ బెంబాలకిష్టమని కోతి మాంసం తెచ్చాను."

కపాసా పగలబడి నవ్వాడు. ఆమె గుర్తింపు కార్డు చూపించగానే ఆ నవ్వు ఆగిపోయింది.

గారెల కింద నుంచి అగ్గిపెట్టెంత రీడర్ తీసి కంప్యూటర్‌కు తగిలించింది జెలిపా. ఫోన్ తెర మీద ప్రోగ్రామ్ పరుగెత్తింది. పోల్చే వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. ఎన్ని బైట్లు పోల్చాలో చెప్పే చోట సున్నా ఉంది.

"ఏమీ పోల్చకపోతే తేడా ఎక్కడ దొరుకుతుంది?" అంది మెల్లగా. "బావా, మూడో లైన్లో ఏముంది?"

"యాసిడ్ ట్యాంకర్లు. గంట నుంచీ నిలబడున్నాయి."

"మొదటి కంప్యూటర్ ఆ లైను ఖాళీ అంటోంది. రెండోది కాదంటోంది. దాని మాట వినేవాళ్లు లేరు."

కపాసా గోడ గడియారం వైపు చూశాడు. "ఎండోలా ప్యాసింజర్ ఆ లైన్లోకే వచ్చేస్తోంది తల్లీ! ఆరువందల మంది. ఐదు నిమిషాలు కూడా లేవు."

ఫోన్ ఎత్తాడు. చచ్చిపోయి ఉంది. రేడియోలో బుస తప్ప మాట లేదు. చేత్తో సిగ్నల్ మార్చే లివర్లు ఎప్పుడో తీసేశారు; కరెంటు ఆపేద్దామంటే బ్యాటరీ గది తాళం వెరోనిక్ దగ్గరుంది. మలుపు తిరిగాక జెండా ఊపినా బండి ఆగే దూరం లేదు.

తలుపు తెరుచుకుంది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, చేతిలో చిన్న పిస్తోలు.

"వాన ఈసారి తొందరపడింది జెలిపా," అంది వెరోనిక్. "నువ్వూ తొందరపడ్డావు. రీడర్ వదిలేసి పక్కకు జరుగు."

ఆమె కపాసాను లెక్కచేయలేదు. గారెలు తినే ముసలాడే కదా అనుకుంది. అతను చుట్టిపెట్టిన ఎర్రజెండా కర్రతో ఆమె మణికట్టు మీద ఒక్కటి వేశాడు. పిస్తోలు ఎగిరిపడింది. మరుక్షణం అది జెలిపా చేతిలో ఉంది.

"ఆ సున్నా చోట అసలు ఎన్ని బైట్లు ఉండాలి?"

"ఎనిమిది," అంది వెరోనిక్ చెయ్యి పట్టుకుని మూలుగుతూ. "ఎనిమిదే. ఒట్టు."

జెలిపా ఎనిమిది కొట్టింది. జవాబు: సున్నా. బయట గ్రీన్ లైటు అలాగే వెలుగుతోంది.

వెరోనిక్ నవ్వింది. మెమరీలో మొదటి ఎనిమిది బైట్లూ స్టేషన్ పేరే. అది రెండింట్లోనూ ఒకటే.

దూరంగా హారన్ వినిపించింది.

"పెద్ద అంకె ఏదో ఒకటి వేసెయ్!" అరిచాడు కపాసా.

"మెమరీ హద్దు దాటితే మెషీన్ బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఆ గ్రీన్ అలాగే ఉండిపోతుంది." జెలిపా చటుక్కున తలెత్తింది. "బావా! పేరు తర్వాత ఒక్కోదానికి ఒక్కో బైటు. ఈ యార్డులో సిగ్నళ్లు, పట్టాలు మార్చే పాయింట్లు, లైన్లు అన్నీ కలిపి ఎన్ని?"

అతను కళ్లు మూసుకోలేదు, వేళ్లు మడవలేదు. "నూట పన్నెండు. ఈ చేతులతో ముప్ఫై ఏళ్లు లివర్లు లాగాను."

నూట పన్నెండు, పైన ఎనిమిది. జెలిపా నూట ఇరవై కొట్టింది.

సున్నా చెరిగిపోయింది. నూట పదిహేడో బైటు దగ్గర తేడా.

యార్డంతా ఒక్కసారిగా ఎర్రబడింది. బ్రేకులు కీచుమన్నాయి. క్యాబిన్ అద్దాలు గడగడలాడాయి. జెలిపా కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి, ఇంజనుకూ చివరి ట్యాంకరుకూ మధ్య ఒక ఆవు అడ్డంగా పడుకునేంత జాగా మిగిలి ఉంది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, కపాసా ఏడు తరాలనూ తలుచుకుంటున్నాడు.

పోలీసులు వెరోనిక్‌ను తీసుకుపోయాక కపాసా రిజిస్టర్ తెరిచాడు. 'రైలు ఆగడానికి కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆపాడు.

"ఇది దేశ రహస్యం బావా. ఏమీ రాయకూడదు."

"ఖాళీగా వదిలేస్తే నాకు మెమో ఇస్తారు మరదలా."

కాసేపు ఆలోచించి గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'రెండు కంప్యూటర్లకు మాట కుదరలేదు.'