సీ డ్రైవ్‌లో సతీశ్ గొంతు

కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేస్తాను. ఫైళ్లు పోయాయని ఏడుస్తూ వచ్చేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు అవి ఎక్కడికీ పోవు. యాంటీవైరస్ అనుమానంతో పట్టుకెళ్లి సీ డ్రైవ్‌లో, ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల, క్వారంటైన్‌లో తాళం వేసి పెడుతుంది. అది తెలియక జనం నన్ను మొనగాడంటారు. నేనూ కాదనను.

మొన్న ముసురు పట్టిన మధ్యాహ్నం మొగిలవ్వ తన కొడుకు సతీశ్ కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొచ్చింది. ఊళ్లో ప్రచారం ఆటోల మైకుల్లో వినిపించేది సతీశ్ గొంతే. ఎండాకాలంలో బండి యాక్సిడెంట్‌లో పోయాడు.

"గీ పెట్టెల వాని మాట ఒక్కటన్న ఉంటది సంపత్ కొడుకా. ఒక్కపారి వినిపియ్యి, గంతే."

వెతికితే క్వారంటైన్‌లో ఒకే ఒక్క ఆడియో ఫైలు. పేరు సతీశ్. తయారైన తేదీ మాత్రం వాడు చనిపోయిన తర్వాతిది. గడియారం తప్పు చూపించిందిలే అనుకుని యాంటీవైరస్ ఆపాను. రిస్టోర్ నొక్కాను.

స్పీకర్లో గరగర... తర్వాత గొంతు.

"అవ్వా... చీకటున్నది. తలుపు తియ్యి."

మొగిలవ్వ స్పీకర్‌ను రెండు చేతులా పట్టుకుంది. "తీస్త బిడ్డా... తీస్త."

కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. కరెంటు పోయింది.

మళ్లీ వచ్చేసరికి మొగిలవ్వ కూర్చున్న స్టూల్ ఖాళీ. పక్కన ఆమె చెప్పులు. సంతోషంలో ముసలిది వానలో వట్టికాళ్లతో ఇంటికి పరుగెత్తిందని నవ్వుకున్నాను.

కంప్యూటర్ ఆన్ చేశాను. సతీశ్ ఫైలు లేదు. క్వారంటైన్‌లో కొత్తది ఉంది. పేరు మొగిలవ్వ.

నొక్కాను.

రిస్టోర్ చేయకముందే లోపలి నుంచి గొంతు వచ్చింది. "సంపత్ కొడుకా... గిదేం చీకటి? నా కొడుకు గిక్కడ లేడు... తలుపు తియ్యి..."

మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాను. కొడుకును వదిలితే తల్లి లోపలికి పోయింది. తల్లిని వదిలితే... షాపులో ఉన్నది నేనొక్కణ్ణే. నాకూ బిడ్డ ఉంది, బడి నుంచి వచ్చే వేళైంది.

డిలీట్ నొక్కాను.

"వద్దు కొడు..."

అంతే. ఆగిపోయింది. పాపం అనిపించింది, కానీ ఊపిరి కూడా ఆడింది.

అప్పుడే సందు మలుపులో మైకు మోగింది. ప్రచారం ఆటో మెల్లగా వచ్చి మా షాపు ముందు ఆగింది. గొంతు సతీశ్‌దే.

"కోరుట్ల పట్టణ ప్రజలకు విజ్ఞప్తి... మా అవ్వ మొగిలవ్వ కనబడుతలేదు. ఎవరికన్న కనబడితే సంపత్ అన్న షాపుల చెప్పుండ్రి. అన్న తలుపు తీస్తడు..."

షట్టర్ దించబోతూ స్టూల్ వైపు చూశాను. చెప్పులు లేవు. ఫైలుతో పాటే అవీ చెరిగిపోయాయి.