వీరవేణి పేర్చిన దొంతర

మీరు కట్టుకున్న ఇల్లు దేనిమీద నిలబడి ఉందో ఎప్పుడైనా అడిగారా?

కొవ్వూరు శివార్లలో మన లేఅవుట్లో స్థలం కొన్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. తూర్పు ముఖమేనా, రోడ్డెంత వెడల్పు, మంచినీళ్ళ పంపు ఎప్పుడేస్తారు... ఇవన్నీ అడిగారు. పల్లపు చేనుని మనిషెత్తు మెరక చేశారే, ఆ మెరకలో ఏం పోశారని ఒక్కరూ అడగలేదు. నేను చెప్తాను. నా పేరు లావణ్య. ఈ లేఅవుట్ వేసిన ఉదయ్‌కుమార్ గారి దగ్గర ఇంజనీర్ని.

ఏడాదిన్నర కిందట ఆయన రాజమండ్రిలో ఒక పాత సినిమా హాలు కూల్చే కాంట్రాక్టు తీసుకున్నారు. కూల్చాలంటే ముందు మునిసిపాలిటీకి వేస్ట్ ప్లాన్ ఇవ్వాలి. ఏ గోడ ఎలా దించాలి, ఇటుక, ఇనుము, కలప ఎలా వేరుచెయ్యాలి, మిగిలిన శిథిలాలు ఏ క్రషింగ్ ప్లాంటుకి పోవాలి... అదంతా రాసింది నేనే. బాగా రాశాను కూడా. గోడలు పైనుంచి వరసవరసగా దించాలన్నాను. శిథిలాలు ఎత్తేముందు కూలీలందర్నీ పేరుపేరునా పిలిచి చూసుకోవాలన్నాను. చివరి పేజీలో "పని పూర్తయింది, అందరూ క్షేమంగా బయటికొచ్చారు" అని ఉంటుంది. దానిమీదా ఆ రోజే సంతకం పెట్టేశాను. అప్పటికి ఒక్క ఇటుక కూడా కదల్లేదు. మళ్ళీమళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగడమెందుకని అందరూ అలాగే పెడతారు.

పాత ఇటుకలకి అంటుకున్న సున్నాన్ని చిన్న సుత్తితో కొట్టి శుభ్రం చేసే ఆడవాళ్ళు ఆరుగురొచ్చారు. వాళ్ళలో పెద్దాపురం నుంచి వచ్చినావిడ వీరవేణి. ఎప్పుడూ పొగాకు నములుతూ ఉండేది. తన దొంతర పూర్తయితే పైన ఒక ఇటుకని నిలువుగా నిలబెట్టేది.

"మీరు కాయితం మీద సంతకం పెట్టరేంటండి మేడమ్ గారూ? ఇదీ అంతేనండి" అని నవ్వేది. "కాకపోతే నేను పనయ్యాకే పెడతానండి."

మూడో రోజు వెనక గోడని జేసీబీతో ఒక్కసారే తోసేశారు. నేను సైట్లో లేను. ఎవరూ ఎవర్నీ పిలిచి చూసుకోలేదు. సాయంత్రానికల్లా శిథిలాలన్నీ క్రషింగ్ ప్లాంటుకి పోకుండా లారీల్లో గోదారి వంతెన దాటి ఈ పల్లంలోకి వచ్చేశాయి.

వీరవేణి ఇంటికి చేరలేదు. ఆవిడ కూతురు దుర్గాశ్రీ, డిగ్రీ చదివే పిల్ల, ఆఫీసుకొచ్చింది.

"మా అమ్మ చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళదండి. చెప్పులు కూడా ఆ హాలు దగ్గరే ఉన్నాయండి."

ఉదయ్‌కుమార్ గారు నవ్వి నావైపు తిరిగారు. "ఏంటమ్మా లావణ్యా? అందరూ బయటికొచ్చారని నువ్వే రాశావు కదా! మరి లోపల ఎవరుంటారు?"

కాలేజీలో ఏ చర్చలోనూ నా నోరు మూయించినవాళ్ళు లేరు. ఆ రోజు మాత్రం లెక్కలు వేసుకున్నాను. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది, బహుశా జైలు. ఊరుకుంటే ఆ పిల్లకి కన్నతల్లి శవం కూడా దక్కదు.

ఊరుకున్నాను.

మెరక మీద ముందు మా సైటాఫీసు లేచింది, తర్వాత మీ ఇళ్ళు. ఈ వానాకాలం నేలంతా నానేదాకా ఏమీ జరగలేదు. ఒకరోజు స్టోర్ గదిలో, సిమెంటు బస్తాల వెనక, నాలుగు ఇటుకలు కనిపించాయి. సినిమా హాలు తాలూకు లావుపాటి ఇటుకలు. సున్నం మరకైనా లేదు. తడిగా ఉన్నాయి. మర్నాటికి పదకొండయ్యాయి. గది తాళంచెవి నా దగ్గరే ఉంది. కింద టైల్స్ మీద వెంట్రుకంత పగులైనా లేదు.

"ఎలకలండి" అన్నాడు వాచ్‌మన్ గంగరాజు. "మన గోదారి ఎలకలు ఇటుకలు మోసినా మోస్తాయండి." కానీ ఆ రోజునుంచి స్టోర్ వైపు వెళ్ళడం మానేశాడు.

పోయిన గురువారం మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మేసింది. వాన. కరెంటు పోయింది. గంగరాజు టీకి వెళ్ళాడు. స్టోర్లోంచి తడి సున్నం వాసన వచ్చింది. దాని వెనకే... పొగాకు వాసన.

టక్.

కప్పు కారుతోందేమో అనుకుని వెళ్ళాను.

టక్... టక్... పైనుంచి కాదు. కిందనుంచి. రెండు దెబ్బలు, ఒక గీకుడు. రెండు దెబ్బలు, ఒక గీకుడు...

ఇటుక శుభ్రం చేస్తున్న చప్పుడు.

అప్పుడర్థమైంది. తనమీద పడ్డదాన్ని తీసుకుంటోంది. ఒక్కో ఇటుకా తీసుకుంటూ... పైకొస్తోంది.

మోకాళ్ళమీద కూర్చుని నేలకి చెయ్యి ఆనించాను. ప్లాన్లో నేను రాసిన ఆ పిలుపు... ఏడాదిన్నర ఆలస్యంగా పిలిచాను.

"వీరవేణి గారూ... ఉన్నారా?"

చప్పుడు ఆగింది. వాన తప్ప ఏమీ లేదు. తర్వాత, సరిగ్గా నా అరచేతి కింద, ఒక్క దెబ్బ.

"ఉన్నానండి."

ఎలా బయటపడ్డానో గుర్తులేదు. మర్నాడు దుర్గాశ్రీని వెతుక్కుంటూ వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. "చూపించండి" అంది. తాళం తీశాను. దొంతర కప్పుకి మూరెడు కిందదాకా ఉంది. పైన ఒక ఇటుక నిలువుగా నిలబడి ఉంది.

"పనైపోయిందండి" అంది దుర్గాశ్రీ, గుసగుసగా. "మరి అమ్మ ఏదండి?"

ఆ గదిలో మళ్ళీ చప్పుడు లేదు.

నిన్న మూడో వరసలో ఉండే జానకీదేవి గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మీ మేస్త్రి మా వంటగదిలో ఇటుకలు వదిలేసి పోయాడేంటి?" వెళ్ళి చూశాను. మూడు ఇటుకలు. శుభ్రంగా, తడిగా... కానీ పాతవి కావు. ఆవిడ ఇల్లు కట్టేటప్పుడు నేనే తెప్పించిన కొత్త ఇటుకలు, బట్టీ గుర్తుతో సహా. వంటగది గోడకి రంగు కూడా చెదరలేదు. వేలితో కొట్టి చూశాను.

లోపల డొల్లగా మోగింది.

వీరవేణి మీద ఇప్పుడు మీ ఇళ్ళు కూడా ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి సైటాఫీసు దగ్గరికి రండి. నా సంతకం ఉన్న కాగితం నేనే పోలీసుల చేతిలో పెడతాను. పలుగులూ పారలూ మీరు తీసుకురండి. ఈ మెరక తవ్వి, ఆ తల్లిని కూతురికి అప్పగిద్దాం. ఈలోగా ఇవాళ టీవీ ఆపి, మీ గోడకి ఓసారి చెవి ఆనించండి.

చప్పుడు వినిపిస్తే, సోమవారం దాకా ఆ ఇంట్లో ఉండకండి.