బులాకీ తీసిన చేయి

ఉదయ్ చెంప ఛెళ్ళుమంది. స్కానింగు గది బయట బెంచీ మీదున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

"స్కాన్‌కి లోహం అడ్డమండీ! ముక్కు బులాకీ రావట్లేదేమోనని తీయబోయాను," అన్నాడతను చెంప తడుముకుంటూ.

"రావట్లేదన్నానా? తియ్యనన్నాను. నీ సెవులకి కూడా తియ్యాలేటి స్కాను?" అంది రాజకుమారి.

నర్సు మెర్లిన్ అతన్ని పక్కకు లాగింది. "ఓరి పిచ్చి గుంటడా! వాళ్ళలో పెళ్ళి కుదిరితే అత్తే బులాకీ పెడతాది. దాన్ని తియ్యడానికి పరాయి మగాడు చెయ్యి జాపితే అర్థమేటో తెలుసా? 'నీ మనిషి సచ్చిపోనాడు, నిన్ను నేను ఏలుకుంటాను' అని!"

విజయనగరం నుంచి లోయలోని ఆ మిషనరీ ఆసుపత్రికి కొత్తగా వచ్చిన టెక్నీషియన్‌కు ఇవేమీ తెలియవు. మెర్లిన్ చెప్పిన తక్కిన కథ విన్నాక మాత్రం అతనికి దెబ్బకన్నా సిగ్గే ఎక్కువ మండింది.

రాజకుమారిని పెళ్ళి చేసుకోవలసిన ధర్మ సొరంగం పనికి వెళ్ళాడు. కొండ విరిగిపడింది. అతను పారిపోయాడని కాంట్రాక్టరు చెప్పాడు. మనిషి చనిపోయాడంటే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. పారిపోయాడంటే ఆ బాధ లేదు. నాటి నుంచి ఆ బులాకీ ఆమె ముక్కునే ఉంది. అది ఉన్నంతకాలం అతనికోసం కన్నీరు పెట్టరాదని వారి కట్టుబాటు.

మిరియాలు కోస్తూ నిచ్చెన మీదనుంచి పడిన రోజున ఆమె ముక్కు లోపలి గోడ వంగిపోయింది. పడుకుంటే ఊపిరి అందదు. బులాకీతోనే స్కాన్ తీసి చూశారు. లోహం వల్ల బొమ్మ నిండా తెల్లని చారలు పడ్డాయి. "వీటి వెనక ఎముక ఎటు వంగిందో కనబడకుండా కత్తి పెట్టలేను," అన్నాడు సర్జను.

మందుల కోసం ఆమె మళ్ళీ మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా వాన. రాని రోజున ఉదయ్ ఆ వాననే తిట్టుకునేవాడు.

"రాజకుమారి గారికి సింహాసనం వేయించమంటారా?"

"ముందు సెంప మానిందో లేదో సెప్పు."

"ఇది మానింది. రెండోదే తనకేమీ దక్కలేదని అలిగింది."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఊపిరి చిక్కుకుంది. నోరు తెరిచి, కళ్ళు తేలవేసి, అతని చొక్కా పట్టుకుంది. అతని పరిహాసం అక్కడితో చచ్చిపోయింది.

"ఆ బులాకీ తీసెయ్యండి, దయచేసి," అన్నాడు.

"తీసెత్తే ధర్మని నానే సంపినట్టు," అందామె.

ఆ ఆదివారం ఉదయ్ హుకుంపేట దాటి, వానలో ధర్మ తల్లి సోములమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె చేటలో సోళ్ళ గింజలు చెరుగుతూ తల ఎత్తలేదు.

"దెబ్బ తిన్న గుంటడివి నువ్వేనేటి?"

"నేనేనమ్మా. మీరు తీస్తేనే ఆమె ఒప్పుకుంటుంది."

"దాని కోసం వచ్చినావా? నీ కోసమా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రెండూనమ్మా."

చేట ఆగింది. "నీ మిసను ముక్కులోపలి ఎముక సూపిత్తాదంట. కొండలోపల నా కొడుకుని సూపిత్తాదేటి?"

"చూపించలేదమ్మా," అన్నాడు ఉదయ్.

మర్నాడు సోములమ్మ ఆసుపత్రికి వచ్చింది. స్కానింగు గదిలో కోడలి గడ్డం పట్టుకుని, తన చేతుల్తోనే బులాకీ విప్పింది.

"నా కొడుకు పారిపోనేదు. సచ్చిపోనాడు. ఇన్నోళ్ళంతా సాచ్చెం," అంది బెంచీ దాకా వినబడేలా.

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. ఆపరేషన్ జరిగింది. ముక్కులోని దూది తీసిన ఉదయాన రాజకుమారి నిండా గాలి పీల్చి, ఇన్నాళ్ళ దుఃఖాన్నీ ఒక్కసారిగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఆపడం అన్యాయం.

ఏడుపు సన్నగిల్లాక సోములమ్మ గొడుగు తీసింది. "కాంట్రాక్టరు గుమ్మం కాడ కూకుంటాను. నా కొడుకుని ఏ రాయి కింద వదిలేసినాడో సెప్పేదాకా లేవను. ఏటి గుంటడా, సూత్తన్నావు? మా యింటి నుంచి ఓ మగాడు రావద్దా?"

ఉదయ్ రాజకుమారి వైపు చూశాడు.

"ధర్మ ఏడాది తీరేదాకా నన్నేటీ అడక్కు," అందామె కళ్ళు తుడుచుకోకుండానే. "అత్తతో ఎల్లు. నువ్వైనా తిరిగొచ్చెయ్యి."